ఫెజ్ పుదీనా రెమ్మ గారికి

మహారాజశ్రీ పుదీనా రెమ్మ గారికి,

మొరాకోలోని ఫెజ్ ఊళ్లో చువారా తోళ్ల లంద, అంటే తోళ్లు పదును చేసే చోటు, చూడ్డానికి మేడ ఎక్కబోతుంటే మెట్ల దగ్గర లెదర్ షాపు కుర్రాడు తమరిని నా చేతిలో పెట్టాడు. పెళ్లివారి మీద పన్నీరు చల్లినంత మర్యాదగా. "ఫ్రీ, మై ఫ్రెండ్! చూసి వెళ్లిపోండి, అంతే" అన్నాడు.

ముందు తమరి డ్యూటీ సంగతి. కింద తెల్లటి తొట్లలో సున్నం, పావురాల రెట్టలు కలిపిన నీళ్లు. రెట్టలోని అమ్మోనియా తోలుని మెత్తబరుస్తుందట. పైన ఎండ మాడ్చేస్తోంది. అంత కంపుకి ఎదురుగా తమరొక్కరు, అదీ అరచేతి చెమటకే వాడిపోయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కంపు పోలేదు సరికదా, దానికి పుదీనా ఘాటు కూడా తోడయ్యింది. అప్పట్నుంచి పుదీనా పచ్చడి చూస్తే కడుపులో తిప్పుతోంది. ఆ పాపం తమరిదే.

సందుల్లో "బాలక్! బాలక్!" (తప్పుకోండి!) అన్న కేకల మధ్య తోళ్ల మోపుతో మీదికొచ్చిన గాడిదని క్షమించాను. "అటు దారి మూసేశారు" అని అబద్ధమాడిన పిల్లాడినీ క్షమించాను. తోళ్ల రంగుల్లో ఎరుపుకి గసగసాల పువ్వు, నీలానికి నీలిమందు, పసుపుకి కుంకుమపువ్వు అని ఏకరువు పెట్టాడు షాపు కుర్రాడు. కుంకుమపువ్వు ధర తెలిసినవాళ్లెవరూ ఆ మూడోది నమ్మరు. అయినా తలూపాను. ఆకుపచ్చకి మాత్రం తమరేనట!

తమరిని మాత్రం క్షమించలేను. ఎక్కేటప్పుడు మెట్లు తిన్నగా మేడ మీదికే తీసుకెళ్లాయి. దిగే దారి మాత్రం షాపులోంచే. ఒక అంతస్తు నిండా బ్యాగులు, దాని కింద పసుపు బాబూష్ చెప్పులు, ఇంకా కిందికొస్తే జాకెట్లు. చేతిలో తమరు ఉన్నారు కాబట్టి ప్రతి అంతస్తులోనూ నేను బాకీదారునే. ఒకాయన లైటర్ వెలిగించి బ్యాగు కింద పెట్టి, కాలలేదు చూడండి, అసలు తోలు అన్నాడు. ఇంకొకాయన ఆ ఎండలో నాకు గొర్రెతోలు జాకెట్ తొడిగి జిప్ పైదాకా లాగేశాడు. వద్దంటే ధర సగమైంది. మళ్లీ వద్దంటే ఆయన ముఖంలో నవ్వు పోయింది. "మరి మేడ మీద చూసినదానికి?" ఫ్రీ అక్కడితో సరి.

అదీ పోనీ. కింద తొట్లలో తొడల్లోతు నీళ్లలో దిగి తోళ్లు తొక్కుతున్న మనుషుల్లో ఒక్కరి దగ్గరైనా తమరు కనిపించారా? పొద్దస్తమానం ఆ కంపులో ఉండేది వాళ్లు. తమరు మాత్రం పది నిమిషాలు నిలబడి ఫోటోలు తీసుకుపోయే మాకు! నిజానికి సిగ్గుపడాల్సింది మేము. తంగేడు చెక్కతో తోలు ఊని ఊరందరికీ చెప్పులు కుట్టిచ్చినవాళ్లని మన పల్లెల్లో ఊరి బయటికి తోసేశారు. లంద పక్కగా పోవాల్సొస్తే ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు. ఆ ఉత్తరీయాల వారసులమే విమానమెక్కి వచ్చి, అదే పనిని మేడ మీంచి "వావ్" అంటూ వీడియో తీస్తున్నాం. ఫెజ్ పాత ఊరిని 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కదా, ఇక్కడ ముక్కు మూసుకున్నా గౌరవంగానే ఉంటుంది. మన వాడల్లో లందలకి ఏ జాబితా ఉంది? ఇక్కడైనా నేను కట్టిన డబ్బులో తొట్లో నిలబడ్డవాడికి ఎంత చేరిందని అడిగితే కుర్రాడు టీ తెచ్చాడు. అందులోనూ తమరే!

చివరికి కొన్నది పూఫ్, అంటే కింద వేసుకుని కూర్చునే గుండ్రటి తోలు దిండు. అదీ తొడుగు మాత్రమే, లోపల కుక్కేది మనమే చూసుకోవాలి. పాత చీరలు కుక్కి హాల్లో పెట్టాం. ముసురు పట్టిందంటే ఇంటికొచ్చినవాళ్లు చెప్పులు విప్పకముందే "ఏదైనా చచ్చిందా?" అని అడుగుతున్నారు. రెండు వారాల్లో వాసన పోతుందని కుర్రాడు ఒట్టేశాడు. ఏ సంవత్సరంలో రెండు వారాలో చెప్పలేదు.

ఇట్లు,
తమరి ఫ్రీ కస్టమర్