అమ్మానాన్నలకు పాత కారు కొంటున్నారా, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టించండి

ఊళ్లో పెద్దవాళ్లకు ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనిపెడదామనుకునే వాళ్లు మన అసోసియేషన్‌లో చాలామందే ఉన్నారు. ఆలోచన మంచిదే, కొనే పద్ధతే నాకు నచ్చడం లేదు. ఇక్కడ అమెరికాలో మన కోసం పాత కారు కొనాలంటే, ప్రతి బండికీ విడిగా ఉండే విన్ నంబరు కొట్టి, దాని పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు తీస్తాం, డబ్బులిచ్చి మెకానిక్‌కు చూపిస్తాం, వారాల తరబడి బేరమాడతాం. అదే అనంతపురంలో నాయనకు కొనాల్సి వస్తే వాట్సాప్‌లో వచ్చిన నాలుగు ఫోటోలు, మీటర్ మీద కిలోమీటర్లు చూసేసి, బావమరిదికి ఫోన్ చేసి "అడ్వాన్స్ ఇచ్చేయ్ బావా, మిగతాది నేను పంపిస్తా" అంటాం. డాలర్లలో లెక్కేసుకుంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ మే నెలలో కదిరి గుడికి పోతూ ముదిగుబ్బ దగ్గర ఆ బండి నిలబడిపోతే, రోడ్డు పక్కన నీడ కోసం వెతుక్కునేది మోకాళ్ల నొప్పులున్న అమ్మ, బీపీ మాత్రలు వేసుకునే నాయన.

పాత కారులో ఏం చూడాలని ఎవరినడిగినా ఇంజన్, టైర్లు, యాక్సిడెంట్ అయ్యిందా లేదా అని చెబుతారు. అవన్నీ చూడాల్సిందే. కానీ మన సీమలో పాత బండికి మొదటి శత్రువు ఎండ, రెండోది బోరు నీళ్లు అని నా గట్టి అభిప్రాయం. కర్నూలులో, కడపలో, అనంతపురంలో ఎండాకాలం 43, 44 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి చోట కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే రంగు ద్రవం) ఉండాల్సిన రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తూ నడిపిన బండ్లు బోలెడు. ఆ నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా గట్టిపడుతుందో, రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్లో కూడా అలాగే పేరుకుంటుంది. నీళ్లు సరిగా తిరగవు, ఇంజన్ హీటెక్కుతుంది, అలా నాలుగైదుసార్లు హీటెక్కిన ఇంజన్‌కు హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు, పోతుంది, ఒక్కోసారి హెడ్డే వంకర తిరుగుతుంది. అప్పుడయ్యే ఖర్చు, పాత బండి ధరలో ఎంత భాగమో షెడ్డువాళ్లు చెప్పేదాకా మనకు తెలీదు.

అమ్మేవాళ్లు దీన్ని దాచే తీరు కూడా తెలుసుకోవాలి. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు మా చుట్టాలబ్బాయి కొందామనుకున్న పాత హ్యాచ్‌బ్యాక్‌ను తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ బానెట్ ఎత్తాడు, ఏసీ ఆపేయమన్నాడు, కీ ఆన్ చేయమన్నాడు. సెల్ఫ్ కూడా కొట్టకముందే రేడియేటర్ ఫ్యాన్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. "అన్నా, ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది, ఏసీ వేయలేదు, మరి ఫ్యాన్ ఎందుకు తిరుగుతాంది? డైరెక్ట్ చేసినారు" అన్నాడు. అంటే వేడిని పసిగట్టి ఫ్యాన్‌ను ఆన్ చేసే సెన్సర్‌ను తప్పించి, ఫ్యాన్‌కు నేరుగా వైరు ఇచ్చేశారన్నమాట. కొన్ని బండ్లలో ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదలకుండా ఆపే థర్మోస్టాట్ కూడా పీకేస్తారు. దాంతో టెస్ట్ డ్రైవ్‌లో సూది పైకి లేవదు, కొనేవాడు సంతోషపడతాడు, అసలు జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. ఆ బండిని వదిలేశాం. అది చూడటానికి ఆ మెకానిక్‌కు పట్టింది పావుగంట కూడా కాదు, ఫోటోల్లో అయితే జన్మలో కనిపించదు.

అందుకే చెబుతున్నా, బండి చూడటానికి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, పొద్దున్నే వెళ్లాలి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి వేడెక్కించారని అర్థం. "ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చా సార్" అంటారు, అనుకోండి, ఏం పర్లేదు, రేపు మళ్లీ వస్తామని చెప్పి రావాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే మొదటి అర నిమిషంలో బయటపడే నిజాలు ఆ తర్వాత గంటసేపు నడిపినా బయటపడవు. గలగలమని గొలుసు చప్పుడు వచ్చి ఆగిపోతే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు; స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా లాంటి చాలా డీజిల్ బండ్లలో వచ్చిన 1.3 లీటర్ల ఇంజన్‌లో ఉండేది చైనే, కాబట్టి ఆ బండ్లకు ఇది తప్పకుండా వినాలి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, మనవాళ్లు బోరుకొచ్చింది అనేది ఇలాంటి బండినే. తెల్లపొగ కాసేపటికి పోతే అది ఆవిరి, ఎంతసేపైనా ఆగకపోతే కూలెంట్ లోపల కాలిపోతోందేమోనని అనుమానించాలి. నల్లపొగ దట్టంగా వస్తే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో, టర్బోనో చూపించాలి. ఆయిల్ పోసే మూత తీసి వెనక్కి తిప్పి చూడండి, పాలమీగడలాంటి జిగురు అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయనే అనుమానం. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల ఆకుపచ్చో, ఎరుపో కూలెంట్ రంగు కనబడాలి. తుప్పు నీళ్లు కనబడితే ధర సంగతి తర్వాత, అసలు ఆ బండి అవసరమా అని ఆలోచించాలి.

టెస్ట్ డ్రైవ్ అంటే ఊళ్లో రెండు సందులు తిప్పడం కాదు. కడపవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ ఉంది, కర్నూలు వైపు వాళ్లకు ఆత్మకూరు దాటితే నల్లమల ఘాట్ ఉంది, అనంతపురం వాళ్లు కనీసం హైవే ఎక్కి ఒక గంట నడపాలి. నలుగురిని కూర్చోబెట్టుకుని, ఏసీ వేసుకుని, మధ్యాహ్నం పూట ఘాట్ ఎక్కించండి. ఇంజన్ వేడెక్కాక హీట్ మీటర్ సూది ఒకేచోట నిలకడగా ఉండాలి, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది, ఎక్కేటప్పుడు ఏసీ గాలి వెచ్చబడితే కంప్రెసర్‌నో కండెన్సర్‌నో చూపించాలి. దిగేటప్పుడు బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోందా, బండి ఒక పక్కకు లాగుతోందా, గుంతల్లో కింద టకటకమని కొడుతోందా, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. అమ్మేవాడు ఘాట్‌కు ఒప్పుకోకపోతే ఆ బండి మనకొద్దు. ఒప్పుకుంటే ఎలాగూ గువ్వలచెరువులో ఆగి పాలకోవా తినొచ్చు.

మన ప్రాంతపు బండికి ఒక మంచి గుణం ఉంది, అది కూడా చెప్పాలి. వానలు తక్కువ, సముద్రపు ఉప్పు గాలి లేదు కాబట్టి కింద భాగం తుప్పు పట్టడం తక్కువ. అదే చెన్నై నుంచి వచ్చిన బండి అయితే జాకీ ఎత్తించి ఫ్లోర్, సైలెన్సర్, డోర్ల అడుగు చూడాల్సిందే. కానీ మన బండికి ఎండ వల్ల రబ్బరు ఆయుష్షు తక్కువ. బెల్టులు, హోసులు, డోర్ బీడింగులు, సస్పెన్షన్ బుష్‌లు పగిలిపోయి ఉంటాయి. టైరు మీద బటన్లు ఎంత మిగిలాయో చూసి మురిసిపోవద్దు, పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిష్ అక్షరాలున్న వరుస చివర నాలుగంకెలుంటాయి చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. తిరగకుండా నీడన ఉన్న బండి టైరు కూడా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తుంది, మన హైవే మీద ఎండలో అలాంటి టైరు పేలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పెట్రోల్ బండి అయితే ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2023కు ముందు తయారైన చాలా బండ్లను దాని కోసం తయారుచేయలేదు, కాబట్టి పెట్రోల్ పైపులు, సీళ్లు కారుతున్నాయేమో వాసన చూడమనండి.

వరద బండ్ల గురించి వేరే చెప్పాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచిన సంగతి తెలిసినవాళ్లకు బురద నీళ్లు వస్తువుల్లోకి ఎలా దూరతాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బండ్ల కాలం అయిపోయింది, కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన కారును కడిగి, సీట్లు మార్చి, దూరపు ఊళ్లో అమ్మేస్తే అక్కడ కొనేవాడికి దాని కథ తెలీదు. కాబట్టి సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి. పైన కనిపించే భాగాన్ని ఎవరైనా కడుగుతారు, లోపల చుట్టుకుని ఉండే చివరి అడుగున్నర మీద బురద మరక గీతలా ఉండిపోతుంది. స్టెప్నీ తీసి కింద గుంతలో ఒండ్రు ఉందేమో, సీటు పట్టాల మీద తుప్పు ఉందేమో, కార్పెట్ ఎత్తితే ముక్కిన వాసన వస్తోందేమో చూడాలి. పాత బండిలో ఘాటైన సెంటు వాసన గుప్పుమంటే నాకైతే వెంటనే అనుమానం వస్తుంది.

కిలోమీటర్ల రీడింగ్‌ను నేను పెద్దగా నమ్మను, దాన్ని వెనక్కి తిప్పడం చాలా తేలిక. నలభై వేలు తిరిగిందంటున్న బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తూ, డ్రైవర్ సీటు ఒక పక్కకు కుంగి ఉంటే ఆ లెక్క అబద్ధం. షోరూమ్ ట్రాక్ ఉందంటారు కదా, ఆ సర్వీస్ రికార్డు తీయించి తేదీలు, రీడింగులు వరుసగా పెరుగుతున్నాయో లేదో చూసుకోండి.

ఇక ఏ బండి కొనాలన్న దాంట్లో నాకు గట్టి అభిప్రాయం ఉంది. బెంగళూరులో పదేళ్లు దాటిన జర్మన్ కారు కొత్త చిన్న కారు ధరకే దొరుకుతుంది, ఊళ్లో ఇంటి ముందు నిలబెడితే గొప్పగా ఉంటుందని కొందరు అదే పంపిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. దాని సస్పెన్షన్ పోయినా, గేర్‌బాక్స్ మొండికేసినా అనంతపురంలో పార్టు దొరకదు, రెండు వందల కిలోమీటర్లు వేరే బండి మీద వేసుకుని బెంగళూరు పంపాలి, నాయన ఆ సర్వీస్ సెంటర్ వాళ్ల ఫోన్ల వెంట పడాలి. మన పక్క వీధి షెడ్డులో బాగుచేయగలిగిన కారే పెద్దవాళ్లకు మంచి కారు. అలాగే రోజూ మార్కెట్‌కు, ఆసుపత్రికి, గుడికి నాలుగైదు కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ ఎందుకు? 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద పరుగెత్తాలి, లేకపోతే మూసుకుపోతుంది.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువ మోసపోతున్నారు. అనంతపురం మార్కెట్లో కేఏ నంబరు బండ్లు ఎన్నో. బెంగళూరు బండి చౌకగా కనబడుతుంది, కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్, పాత ట్రాఫిక్ చలాన్లు అన్నీ కలిపితే ఆ చౌక మిగలకపోవచ్చు. ఏపీ09 లాంటి హైదరాబాద్ పాత నంబరు చూసి మన రాష్ట్రం బండే అనుకోకండి, ఆ రికార్డు ఇప్పుడు తెలంగాణ దగ్గర ఉంది, డబ్బులివ్వకముందే మన ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించాలి, కాబట్టి 14 ఏళ్ల బండి కొంటే ఆ పని వచ్చే ఏడాది మీ నాయన నెత్తిన పడుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఉందా, ఫైనాన్స్ (బండి మీద అప్పు) ఉందా తెలుస్తుంది, ఇది మనం ఇక్కడ కూర్చుని చేయగలిగిన పని. ఫైనాన్స్ ఉందని చూపిస్తే బ్యాంకు ఎన్‌వోసీ, రికార్డులోంచి ఆ అప్పు తీసేయించే ఫారం 35 చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదు.

ధర విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొత్త బండే చౌకైనప్పుడు పాత బండికి పాత రేటు చెబితే ఒప్పుకోవద్దు. బేరం కుదిరాక కూడా మొత్తం ఒకేసారి పంపకండి, సీ బుక్ (ఆర్సీ) మీ నాయన పేరు మీదికి మారేదాకా కొంత ఆపండి. ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి, మార్పించకుండా బీరువాలో పెట్టుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, అందుకే మనం పాత బండి అమ్మేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి. ఇన్సూరెన్స్‌ను కూడా 14 రోజుల్లోపు నాయన పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టించండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండితో రాదు, ఆ మేరకు కట్టాల్సిన తేడా ఎంతో ముందే అడిగి బేరంలో తగ్గించుకోవచ్చు.