శేషాచలం కథ, మారేడుమిల్లి షూటింగ్

2021 డిసెంబర్‌లో వచ్చిన 'పుష్ప' మొదటి భాగం శేషాచలం ఎర్రచందనం కథ. హీరో మాట్లాడింది చిత్తూరు యాస. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుల్లో ఆ గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే. అయితే తెర మీద మనం శేషాచలం అనుకుని చూసిన అడవిలో చాలా భాగం గోదావరి వైపు మారేడుమిల్లి ఏజెన్సీది. షూటింగ్ జరిగినన్నాళ్లూ లాడ్జీలకు, భోజనాలకు, లారీలకు పెట్టిన ఖర్చు కూడా ఆ చుట్టుపక్కలే తిరిగింది.

దీనికి ఆ దర్శకుణ్ణి తప్పు పట్టాల్సిన పని లేదు. తిరుమల చుట్టూ ఉన్న కొండలు శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు కూడా. అక్కడ వందల మంది యూనిట్‌తో, లారీలతో నెలల తరబడి షూటింగ్ పెట్టడం అయ్యే పని కాదు, కాకూడదు కూడా. నా బాధ వేరు. కథ దగ్గర మొదలై థియేటర్ దాకా సాగే సినిమా ప్రయాణంలో తిరుపతి, చిత్తూరు రెండు కొసల్లోనే కనిపిస్తాయి. మొదట్లో కథగా, యాసగా పనికొస్తాయి. చివర్లో ఈవెంట్లకు, టికెట్లకు పనికొస్తాయి. 2015లో 'బాహుబలి' ఆడియో వేడుక, 2023లో 'ఆదిపురుష్' ప్రీ రిలీజ్ వేడుక తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ స్టేడియంలోనే జరిగాయి. జనం విరగబడి వచ్చారు. మర్నాటికి స్టేజీ విప్పేశారు. మనుషులకు పని దొరికే మధ్య దశలు మాత్రం ఈ ఊళ్ల మొహం చూడవు.

ఒకప్పుడు ఇంత దూరం లేదు. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో తిరుపతి నుంచి స్టూడియోలకు 150 కిలోమీటర్ల లోపే. పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి స్టూడియోలున్న కోడంబాకంలో ఉండొచ్చు. రేపల్లెలో పుట్టిన నాగయ్య చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని, ఆ ఊరి పేరుతోనే సినిమాల్లో నిలిచిపోయాడు. పరిశ్రమ హైదరాబాద్‌కు తరలాక ఆ దూరం 500 కిలోమీటర్లు దాటింది. అవకాశాల కోసం తిరిగే కుర్రాడికి ఇది గది అద్దె, మెస్సు ఖర్చు, ఇంటికి రాలేని పండగల లెక్క.

మనుషులకు కొరత లేదు. హిందీలో 'ది ఫ్యామిలీ మ్యాన్' సిరీస్ తీసిన రాజ్ నిడిమోరుది తిరుపతి, కృష్ణ డీకేది చిత్తూరు. ఇద్దరూ ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి, చివరికి ముంబైలో స్థిరపడ్డారు. టీటీడీ భక్తి ఛానల్ 2008 నుంచి తిరుపతిలోనే నడుస్తోంది. కెమెరా, ఎడిటింగ్, సౌండ్ తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారన్న మాటేగా.

మరి అడ్డం ఎక్కడ? నా ఉద్దేశంలో స్క్రిప్టు దగ్గర. స్టూడియో లేకపోవడం దాని తర్వాతి సంగతి.

మన దగ్గర పెద్ద సినిమా చాలాసార్లు వన్‌లైన్‌తో, అంటే రెండు ముక్కల్లో చెప్పిన కథతో ఓకే అవుతుంది. హీరో డేట్లు, అడ్వాన్సులు, రిలీజ్ డేట్ ముందు ఖరారవుతాయి. అప్పటికే నైజాంకు (తెలంగాణ) ఇంత, సీడెడ్‌కు (రాయలసీమ) ఇంత, ఆంధ్రాకు ఇంత, ఓటీటీకి ఇంత అని కాగితం మీద వ్యాపారం అయిపోతుంది. ఆ తర్వాత కథా చర్చల సిట్టింగుల్లో సీన్లు పుడతాయి. ఫైనాన్స్‌కు తెచ్చిన డబ్బుకు వడ్డీ నడుస్తుంటుంది. పది కోట్లకు నెలకు నూటికి రెండు రూపాయలు వేసుకున్నా నెల తిరిగేసరికి ఇరవై లక్షలు. ఆ ఒత్తిడిలో రచయిత శ్రీకాళహస్తి సందుల్లో పది రోజులు తిరిగి రాసుకునే వీలుండదు. సీడెడ్ అంటే మాస్, మాస్ అంటే ఫైటు, జాతర పాట అని వ్యాపారం చెప్పిన కొలతకే సీన్లు కుట్టేస్తాడు. నాలుగు జిల్లాల జనం అభిరుచిని ఇలా ఒక్క మాటలో తేల్చేయడం నాకు మింగుడుపడదు.

యాస విషయంలో ఇది బాగా బయటపడుతుంది. డైలాగ్ వెర్షన్ మామూలు తెలుగులో రాసి, సెట్లోనో డబ్బింగ్ థియేటర్లోనో యాస అద్దుతారు. 'ఎక్కడికి పోతున్నావు' అన్న మాటను 'యాడికి పోతా ఉండావు' అని మారిస్తే సరిపోతుందనుకుంటారు. కానీ కుప్పం పెద్దాయన వాక్యం కట్టే తీరు వేరు, పుత్తూరు నేతగాడిది వేరు. ఒకరి మాటలో కన్నడం, ఇంకొకరి మాటలో అరవం కలిసి ఉంటాయి. ఆ ఒడుపు సీను రాసేటప్పుడే రావాలి. మైకు ముందు తగిలిస్తే నటుడి పెదవులకు, గొంతుకు పొత్తు కుదరదు.

స్క్రిప్టు ఇక్కడే పూర్తయితే మిగతా దశల్లో కొన్ని దానంతట అవే ఇక్కడికి వస్తాయి. పూర్తిగా రాసి కుట్టిన బౌండ్ స్క్రిప్టులో చంద్రగిరి రోడ్డు, చిత్తూరు మామిడి మండీ, బెల్లం గానుగ పేరుతో సహా ఉంటే, లొకేషన్లు చూసుకునే రెక్కీకి వచ్చినవాళ్లు వాటినే వెతుకుతారు. చిన్న పాత్రలకు ఇక్కడి నాటక సమాజాల వాళ్లను పిలుస్తారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' ఈ దారిలోనే విశాఖలో తయారైంది. ఆ పేటలోనే తీశారు, ఎక్కువమంది నటులు ఆ చుట్టుపక్కల వాళ్లే. సినిమా చూశాక పెద్ద సంస్థ ముందుకొచ్చి విడుదల చేసింది. డీఐ (రంగులు సరిచేయడం), సౌండ్ మిక్సింగ్ లాంటి పనులకు ఎలాగూ హైదరాబాదో చెన్నయో వెళ్లాలి. వాటి గురించి నాకు పెద్ద పట్టింపు లేదు.

ఇక పంపిణీ. సినీ వ్యాపారపు మ్యాపు ఇప్పటికీ పాత జిల్లాల గీతల మీదే నడుస్తోంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనే సూళ్లూరుపేట ఉంది. అక్కడ 2019లో తెరిచిన థియేటర్లో వంద అడుగుల తెర ఉంది, దేశంలోనే పెద్ద తెరల్లో అదొకటి. కానీ వ్యాపారంలో సూళ్లూరుపేట నెల్లూరు ఏరియా, తిరుపతి సీడెడ్. ఒక్క జిల్లాలో సినిమా ఆడించుకోవాలనుకునే చిన్న నిర్మాత రెండు ఏరియాల వాళ్లతో మాట్లాడుకోవాలి.

ఒక టికెట్టు లెక్క చూడండి. 2025 సెప్టెంబర్ నుంచి వంద రూపాయల లోపు టికెట్టుకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్రేక్షకుడు వంద ఇస్తే దాదాపు 95 మిగులుతుంది. అందులోంచి థియేటర్ అద్దె, డిస్ట్రిబ్యూటర్ కమీషన్, పోస్టర్ల ఖర్చు పోగా మిగిలిందే షేర్, అంటే నిర్మాత వాటా. అద్దె ఫిక్స్‌డ్ అయితే హాలు నిండినా ఖాళీగా ఉన్నా కట్టాల్సిందే. దానికి తోడు సినిమాను థియేటర్‌కు డిజిటల్‌గా అందించే ప్రొవైడర్‌కు కట్టే వర్చువల్ ప్రింట్ ఫీజు. దాని మీదే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు సినిమాలు ఆపేశారు. పెద్ద సినిమాకు ఈ ఖర్చులు లెక్కలోకి రావు. ఊరికి రెండు షోలు దొరికే సినిమాకు మొదటి వారం వసూళ్లన్నీ వీటికే సరిపోతాయి.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. భారీ సినిమా టికెట్టు రేటు పెంచుకోవాలంటే 20 శాతం షూటింగ్ రాష్ట్రంలో జరగాలని 2022 మార్చి జీవోలో షరతు పెట్టారు. మంచి ఆలోచనే. అయితే అది వంద కోట్లు దాటిన సినిమాల సంగతి. రెండు కోట్లలో చిత్తూరు కథ తీసేవాడికి కావాల్సింది రేటు పెంచుకునే హక్కు కాదు. ఆర్టీసీ బస్టాండ్‌కు, కోట గోడకు, చెరువు గట్టుకు ఒకే కిటికీలో అనుమతి, అదీ వారం రోజుల్లో.

ఎగ్జిబిటర్ల వైపు నుంచి కూడా ఒక మార్పు రావాలి. అద్దె వద్దు, పర్సంటేజీ ఇవ్వండని 2025 మే నెలలో రెండు రాష్ట్రాల థియేటర్ల వాళ్లే పట్టుబట్టారు, హాళ్లు మూసేస్తామనే దాకా వెళ్లారు. చిన్న సినిమాకూ కావాల్సింది అదే పద్ధతి, వచ్చినదాంట్లో పంచుకోవడం. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తిలో ఊరికొక్క హాలు, రోజుకు ఒక్క సాయంత్రం షో పర్సంటేజీ మీద ఇస్తే, ఇక్కడ తీసిన సినిమా ఇక్కడి జనం నోటిమాట మీద రెండో వారానికి చేరుతుంది.