ఉమ్మి చూసి కెరీర్ చెప్తారట!

"మీ నిర్ణయాలు మీవి కావు, 50 శాతం జీన్స్‌వే" అంటూ ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. పంపేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ. సాహసానికి డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే ఒక రసాయనం) జీన్ ఉందట, పెంపకం దండగట, కాబట్టి ఐదేళ్ల పిల్లాడి ఉమ్మి పంపితే అందులోని డీఎన్ఏ చూసి ఒక కంపెనీ వాడికి తగిన కెరీర్ చెప్పేస్తుందట.

ఆ 50 ఎక్కడిదో ఊహించగలను. యాభై ఏళ్ల కవలల అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క కడితే జీన్స్ వాటా సగటున 49 శాతం వచ్చింది. ఎత్తు, జబ్బులు, స్వభావం అన్నీ కలిసిన సగటు అది. డబ్బు విషయంలో రిస్క్ తీసుకోవడంపై స్వీడన్ కవలలతో 2009లో చేసిన అధ్యయనంలో తేలింది సుమారు 20 శాతం. ఏదైనా సరే, అది మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో జీన్స్ వాటా ఎంతన్న లెక్క. నిన్న మీరు తీసుకున్న నిర్ణయాన్ని రెండు ముక్కలు చేసి సగం జీన్‌కు ఇవ్వడం కుదరదు.

 

పెంపకం సంగతి మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. ఒకే ఇంట్లో పెరగడం వల్ల వచ్చే పోలిక చాలా లక్షణాల్లో తక్కువేనని కవలల అధ్యయనాలు పదేపదే చూపించాయి. మింగుడుపడదు గానీ నిజం. అయితే షేర్లలో డబ్బు పెట్టడంపై స్వీడన్‌లో దత్తత పిల్లల్ని పరిశీలిస్తే, కన్నవాళ్ల కంటే పెంచినవాళ్ల ప్రభావమే ఎక్కువని తేలింది.

ఇక ఆ ఉమ్మి టెస్టు. 2019లో పది లక్షల మందికి పైగా డీఎన్ఏ జల్లెడ పడితే, రిస్క్ స్వభావంతో సంబంధమున్న చోట్లు 99 దొరికాయి. అంతవరకూ ఊదరగొట్టిన డోపమైన్ జీన్స్‌కు ప్రత్యేక స్థానమేమీ కనిపించలేదు. డీఎన్ఏ అంతటినీ కలిపి స్కోరు కట్టినా మనుషుల మధ్య తేడాల్లో అది వివరించగలిగింది దాదాపు 1.6 శాతం. అదీ యూరప్ మూలాలున్నవాళ్లలో. మిగతావాళ్లకు వాడితే ఇంకా తగ్గుతుంది. నాణెం ఎగరేయడం కంటే రవ్వంత మెరుగు, కాకపోతే నాణేనికి బిల్లు రాదు.

బిల్లు పోతే పోనీ. "రిస్క్: లో" అని రిపోర్టు వచ్చిన పిల్లాణ్ని ఇంట్లో ఎలా చూస్తారు? పోటీకి పంపరు, తప్పు చేయనివ్వరు, వాడి తరఫున అన్నీ వాళ్లే తేలుస్తారు. కొన్నేళ్లకు వాడు నిజంగానే ప్రతిదానికీ వెనకాడతాడు. చూశారా, టెస్ట్ ఎంత కరెక్టో!

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఆ కంపెనీని ఒక్కటి అడగండి. అచ్చుగుద్దినట్టుండే కవలలిద్దరికీ ఒకే రిపోర్టు వస్తుంది కదా; ఒకడు వ్యాపారంలోకి, ఇంకొకడు నెల జీతంలోకి వెళ్తే ఎవరి డబ్బు వాపసు ఇస్తారు?