‘స్కూల్లో ఫ్రీ లంచ్ ఉంటే సన్ బక్స్ కార్డు అదే వస్తుంది’ అన్న మెసేజ్‌లో ఏది తప్పు

వేసవి సెలవులు దగ్గర పడగానే అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇది: “బడికెళ్ళే పిల్లలందరికీ తలా 120 డాలర్ల సన్ బక్స్ గ్రాసరీ కార్డు ఇస్తున్నారు. ఏ రాష్ట్రంలో ఉన్నా వస్తుంది. మీ స్కూల్లో ఫ్రీ లంచ్ పెడుతుంటే అప్లై చేయక్కర్లేదు, కార్డు ఇంటికే వస్తుంది. ఆదాయంతో పనిలేదు. కానీ వీసా మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డుకి అప్లై చేసినవాళ్లు ముట్టుకోవద్దు, పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవారన్న ముద్ర) అవుతుంది.”

సన్ బక్స్ అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలోని బడి పిల్లలకు వేసవిలో సరుకుల కోసం ప్రభుత్వం కార్డులో వేసే సొమ్ము. ఈ మెసేజ్‌లో 120 డాలర్లన్న మాట ఒక్కటే సరైనది. 2024, 2025 వేసవుల్లో నెలకు 40 చొప్పున మూడు నెలలకు బిడ్డకు 120 డాలర్లు ఇచ్చారు. హవాయి వంటి చోట్ల అంతకన్నా ఎక్కువ. మిగతాదంతా నమ్మితే నష్టపోయేది నిజంగా ఆ డబ్బు అవసరమైన ఇల్లే. సగంమంది ‘అదే వస్తుందిలే’ అని ఫారం నింపరు. మిగతా సగం భయపడి నింపరు.

“ఏ రాష్ట్రంలో ఉన్నా వస్తుంది.” రాదు. 2022 డిసెంబరు చట్టంతో ఇది శాశ్వత పథకమైంది, 2024 వేసవిలో మొదలైంది. కార్డులో వేసే సొమ్మంతా కేంద్రానిది, నడిపే ఖర్చులో సగం రాష్ట్రానిది. చేరాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, జార్జియా, ఫ్లోరిడా 2024లోనూ 2025లోనూ చేరలేదు. టెక్సస్ శాసనసభ 2025లో ఇందుకు 6 కోట్ల డాలర్లు కేటాయిస్తే గవర్నర్ గ్రెగ్ ఆబట్ వీటో చేశారు. అందుకని టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో జార్జియాలోని కమింగ్‌లోనో ఉన్నవాళ్లు న్యూజెర్సీ స్నేహితుడు పంపిన లింకులో వివరాలు నింపి లాభం లేదు. ముందు మీ రాష్ట్రం పేరుతో ఈ ఏడాది జాబితా చూడండి, ఏటా మారుతుంది.

చేరని రాష్ట్రాల్లోనూ సన్ మీల్స్ అనే వేరే పథకం ఉంది. లైబ్రరీల్లో, పార్కుల్లో, బడుల్లో 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా భోజనం పెడతారు. అందరికీ తెరిచి ఉంచే కేంద్రాల్లో ఫారం లేదు, ఆదాయం అడగరు, కాగితాలు చూపించక్కర్లేదు. 211కి ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు.

“ఫ్రీ లంచ్ పెడుతుంటే అప్లై చేయక్కర్లేదు.” అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ వాక్యమే. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కోవిడ్ కాలంలో పీ-ఈబీటీ అని పిల్లల భోజనానికి సొమ్ము వేసే కార్డు ఒకటి ఉండేది. అందరికీ ఉచిత భోజనం పెట్టే బడుల్లోని పిల్లలకు ఇంటి ఆదాయం చూడకుండానే ఆ కార్డులు వచ్చాయి. అది 2023తో ఆగిపోయింది. సన్ బక్స్ రూల్ వేరు.

చాలా బడులు కమ్యూనిటీ ఎలిజిబిలిటీ అనే పద్ధతిలో బడి మొత్తానికీ ఉచితంగా వడ్డిస్తాయి. కాలిఫోర్నియా, మిన్నెసోటా, మిషిగన్, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వ బడిలోనైనా పిల్లలందరికీ భోజనం ఉచితం. అక్కడ డాక్టరు కూతురూ, గ్యాస్ స్టేషన్‌లో పనిచేసేవారి కొడుకూ ఒకే లైన్లో నిలబడి ఒకే ట్రే తీసుకుంటారు. ఆ ట్రే తీసుకున్నంత మాత్రాన సన్ బక్స్ రాదు. మీ బిడ్డ పేరు మీద ‘ఈ ఇంటి ఆదాయం పరిమితి లోపల ఉంది’ అని రికార్డు ఉండాలి.

ఆ రికార్డు రెండు దారుల్లో ఏర్పడుతుంది. స్నాప్ (పాత పేరు ఫుడ్ స్టాంప్స్), టానిఫ్ (పేద కుటుంబాలకిచ్చే నగదు సాయం) వంటి సాయం ఇప్పటికే అందుకుంటున్న ఇంట్లో బడి వయసు పిల్లలుంటే, ఫోస్టర్ కేర్‌లో ఉన్నా, ఇల్లు లేని స్థితిలో ఉన్నా, రాష్ట్రమే గుర్తించి కార్డు పంపాలి. కొన్ని రాష్ట్రాలు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఆరోగ్య బీమా) ఆదాయ వివరాలు కూడా చూస్తాయి. రెండోది, ఆ విద్యా సంవత్సరంలో ఎప్పుడైనా మీరు స్కూల్ మీల్ అప్లికేషన్ పెట్టి ఉచితం గానీ తగ్గింపు ధర గానీ మంజూరు చేయించుకుని ఉంటే, అదే సరిపోతుంది. సెప్టెంబరులో మంజూరై జనవరిలో జీతం పెరిగినా ఆ ఏడాదికి అది చెల్లుతుంది.

ఈ రెండిట్లో ఏదీ లేకపోతే మీరే అప్లై చేయాలి. బడి నడుస్తున్నప్పుడైతే స్కూల్ డిస్ట్రిక్ట్ ఫుడ్ సర్వీస్ వాళ్లను ‘మీల్ అప్లికేషన్ ఉందా, దాన్ని సన్ బక్స్‌కి లెక్కేస్తారా’ అని అడగండి. ఈ ప్రశ్నలో రెండో సగం ముఖ్యం. అందరికీ ఉచితంగా పెట్టే బడులు డిస్ట్రిక్ట్ నిధుల లెక్క కోసం ఒక ఆదాయ ఫారం నింపించుకుంటాయి. కొన్నిచోట్ల దాన్ని సన్ బక్స్‌కి తీసుకుంటారు, కొన్నిచోట్ల తీసుకోరు. ‘తీసుకోం’ అంటే, లేదా బడి మూసేశారంటే, రాష్ట్ర సన్ బక్స్ పోర్టల్‌లో నేరుగా పెట్టాలి. గడువు ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటుంది.

స్నాప్ ఉన్నవాళ్లకు ‘అదే వస్తుంది’ అన్నది మామూలుగా నిజమే. అయినా మన ఇళ్లలో తప్పిపోవడానికి ఒక కారణం ఉంది. బడి రికార్డునూ స్నాప్ రికార్డునూ పేరు, పుట్టినతేదీ వంటి వివరాలతో కలిపి చూస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోవడంతో వీసాలో మొదటి పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లు, బడిలో తండ్రి పేరును ఇంటిపేరుగా రాయించినవాళ్లు, ఒకచోట ‘సాయి శ్రీనిధి’ని విడగొట్టి ఇంకోచోట కలిపి రాసినవాళ్లు ఈ జోడింపులో జారిపోవచ్చు. జూన్ నెల చివరికల్లా ఏమీ రాకపోతే కూర్చోకుండా రాష్ట్ర హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, రెండుచోట్లా పేరు ఎలా ఉందో చదివించుకోండి.

చిరునామా కూడా అంతే. కార్డు బడి దగ్గరున్న అడ్రసుకో స్నాప్ దగ్గరున్న అడ్రసుకో వెళుతుంది. ఈబీటీ కార్డుల (ప్రభుత్వ సాయం సొమ్ము వేసే కార్డులు) కవర్లను పోస్టాఫీసు చాలాసార్లు కొత్త ఇంటికి ఫార్వర్డ్ చేయదు, వెనక్కి పంపేస్తుంది. అపార్టుమెంట్ మారేవాళ్లు మే నెలలోనే బడి ఆఫీసులో అడ్రసు మార్పించాలి.

ప్రాజెక్టు మారి రాష్ట్రం మారినవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: ఆదాయం మీద పెట్టే అప్లికేషన్ బిడ్డ ఆ విద్యా సంవత్సరం ముగించిన రాష్ట్రంలో పెట్టాలి, కొత్తగా దిగిన రాష్ట్రంలో కాదు. ఒకే బిడ్డకు రెండు రాష్ట్రాల్లో తీసుకోకూడదు. ఇంట్లోనే చదివించే పిల్లలకు, స్కూల్ లంచ్ పథకంలో లేని ప్రైవేటు బడి పిల్లలకు ఆదాయం మీద అప్లై చేసే దారి లేదు. స్నాప్ వంటిది ఉంటేనే వస్తుంది.

“ఆదాయంతో పనిలేదు.” ఉంది. పరిమితి కేంద్ర పేదరిక రేఖకు 185 శాతం. 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు నలుగురున్న ఇంటికి ఏడాదికి 59,478 డాలర్లు, ముగ్గురికి 49,303, ఐదుగురికి 69,653. ఇది పన్నులు, ఇన్సూరెన్సు, 401కే (రిటైర్మెంట్ పొదుపు) కోతలకు ముందు జీతం. బ్యాంకులో పడేది కాదు. ఖాతాలో నెలకు 4,300 పడుతోంది కదా అని రాస్తే తప్పు. పే స్టబ్‌లో (జీతం చీటీ) గ్రాస్ 5,400 ఉంటే ఏడాదికి 64,800 అవుతుంది, నలుగురి ఇంటికి పరిమితి దాటినట్టే.

ఇంకో తప్పు దీనికి ఎదురుగా, అర్హత ఉన్నవాళ్లను దెబ్బతీస్తుంది. ఫారంలో ప్రతి జీతం పక్కనా వారానికా, రెండు వారాలకా, నెలకు రెండుసార్లా, నెలకా అని గడులుంటాయి. రెండు వారాలకోసారి 2,200 వచ్చే ఇంటివాళ్లు పొరపాటున ‘వారానికి’ దగ్గర టిక్ పెడితే 2,200ను 52తో గుణిస్తారు. 1,14,400 అవుతుంది, అప్లికేషన్ కొట్టేస్తారు. నిజానికి 26తో గుణించాలి, 57,200, నలుగురి ఇంటికి అర్హతే. ‘రెండు వారాలకు’, ‘నెలకు రెండుసార్లు’ కూడా ఒకటి కావు. మొదటిదానికి ఏడాదికి 26 జీతాలు, రెండోదానికి 24. నలుగురి ఇంటికి రెండు వారాల పరిమితి 2,288, నెలకు రెండుసార్లయితే 2,479. 2,300 జీతం ఒక గడిలో అనర్హత, పక్క గడిలో అర్హత. పే స్టబ్ మీద ‘పే పీరియడ్’ తేదీలు చూడండి. 1 నుంచి 15, 16 నుంచి నెలాఖరు అని ఉంటే నెలకు రెండుసార్లు. ప్రతి పీరియడూ సరిగ్గా 14 రోజులుంటే రెండు వారాలు.

ఇంట్లో ఎంతమంది అన్న లెక్కలో బడికెళ్లని చంటిబిడ్డనూ, మిమ్మల్నీ కలపాలి. ఒకే అపార్టుమెంట్‌లో ఉంటూ ఎవరి ఖర్చు వాళ్లు పెట్టుకునే రూమ్‌మేట్‌ను కలపకూడదు. ఆదాయం గడి ఖాళీగా వదిలితే ‘సున్నా’ అని మీరు సంతకం పెట్టినట్టే. రాసేది ప్రస్తుత ఆదాయం, పోయిన ఏడాది డబ్ల్యూ-2లో (ఏడాది జీతం చూపే పన్ను పత్రం) ఉన్నది కాదు. కనుక మార్చిలో లేఆఫ్ అయిన ఇంటివాళ్లు ఏప్రిల్‌లో అప్పటి పరిస్థితి రాయవచ్చు. నిరుద్యోగ భృతి వస్తుంటే దాన్ని మాత్రం ఆదాయంలో చూపాలి.

ఈ పథకం ఎవరికి సరిపోతుందో కూడా చెప్పుకోవాలి. ఏడాదికి 90,000 తెచ్చుకునే నలుగురి ఇంటికి ఇది కాదు. ‘ఎవరు చూస్తారులే’ అని తగ్గించి రాయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినవద్దు. అప్లికేషన్లలో కొన్నిటిని తీసి ఆదాయం రుజువులు అడుగుతారు. ప్రభుత్వ ఫారంలో అబద్ధం ఇమిగ్రేషన్ ఫైలు ఉన్నవాళ్లకు 120 డాలర్లకన్నా చాలా ఎక్కువ ఖరీదవుతుంది. కానీ యూనివర్సిటీ అసిస్టెంట్‌షిప్ మీద నెలకు 2,400తో భార్యనూ ఇద్దరు బడి పిల్లలనూ నెట్టుకొచ్చే పీహెచ్‌డీ విద్యార్థి ఇల్లు ఉంది. ఏడాదికి 28,800. ఎఫ్-2 (విద్యార్థి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్యకు ఉద్యోగం చేసే వీలు లేదు, వీళ్లకు స్నాప్ రాదు కనుక రాష్ట్రం తనంతట గుర్తించదు. పిల్లలిద్దరికీ 240 డాలర్ల పప్పూబియ్యం రావాలి. ఫారం నింపితేనే వస్తుంది. ఈ మెసేజ్ వల్ల ఎక్కువగా పోగొట్టుకునేది ఇలాంటి ఇళ్లే.

“వీసా మీద ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు.” సన్ బక్స్‌కి పౌరసత్వం, వీసా షరతు లేదు. స్కూల్ మీల్ ఫారంలో సంతకం చేసే పెద్దవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు అడుగుతారు. లేకపోతే ‘లేదు’ అన్న గడిలో టిక్ పెడితే చాలు, అందువల్ల కొట్టేయరు.

ఈ భయానికి మూలం 2019 నాటి నిబంధన. స్నాప్, మెడికెయిడ్ వంటివాటిని కూడా పబ్లిక్ చార్జ్ లెక్కలోకి తెచ్చిన ఆ నిబంధన 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చి 2021 మార్చిలో ఆగిపోయింది. అప్పుడు కూడా స్కూల్ భోజనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022 డిసెంబరు 23 నుంచి అమలైన నిబంధన ప్రకారం చూసేది నగదు సాయం (ఎస్‌ఎస్‌ఐ, టానిఫ్ వంటివి), ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉంచడం, ఈ రెండే. సన్ బక్స్ నగదు కాదు. పౌరసత్వానికి ఎన్-400 వేసేవాళ్లకైతే పబ్లిక్ చార్జ్ పరీక్షే లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 2022 నిబంధనను రద్దు చేస్తామని 2025 నవంబరులో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రతిపాదించింది. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నవాళ్లు, త్వరలో వేయబోయేవాళ్లు అప్లై చేసేనాటికి ఏది అమల్లో ఉందో ఇమిగ్రేషన్ లాయరును ఒక్కమాట అడగండి. ‘ముట్టుకోవద్దు’ అని వాట్సాప్‌లో చెప్పినవారిని కాదు.

ఇదే మెసేజ్‌కి కొందరు తోకలు తగిలిస్తున్నారు: ఏటీఎంలో డబ్బు తీసుకోవచ్చని, మిగిలింది వచ్చే ఏడాదికి పనికొస్తుందని. ఏటీఎంలో రాదు. ఇక 122 రోజుల గడువు చాలామందికి తెలియదు. సొమ్ము కార్డులో పడిన రోజు నుంచి లెక్క. మధ్యలో వాడినా గడువు పెరగదు. జూన్ 15న పడితే అక్టోబరు 15కల్లా వాడేయాలి, మిగిలింది వెనక్కి పోతుంది, మళ్లీ వేయరు.

ఈబీటీ తీసుకునే ఏ షాపులోనైనా బియ్యం, కందిపప్పు, గోధుమపిండి, నూనె, పాలు, పెరుగు, కూరగాయలు, ఫ్రోజెన్ పరాఠాలు కొనొచ్చు. ఇండియన్ స్టోర్లన్నీ తీసుకోవు, బండి నింపేముందే కౌంటర్లో అడగండి. వేడివేడిగా ఇచ్చే ఇడ్లీ, బిర్యానీ, విటమిన్ మాత్రలు, సబ్బులు, అగరొత్తులు దీంతో రావు. వాటిని వేరే బిల్లుగా కట్టాలి.

కార్డు రాగానే వెనకాల ఉన్న నంబరుకు ఫోన్ చేసి పిన్ పెట్టుకోండి. 1234, పుట్టిన సంవత్సరం వద్దు, కార్డులు స్కిమ్మింగ్‌కి (దొంగ పరికరంతో కార్డు వివరాలు కాజేయడం) గురవుతున్నాయి. అప్లై చేయడానికి ఎక్కడా ఫీజు లేదు. ‘కార్డు యాక్టివేట్ చేస్తాం, పిన్ చెప్పండి’ అని వచ్చే కాల్స్, టెక్స్టులు మోసం. సొమ్మంతా అయిపోయినా కార్డు పారేయకండి. చాలా రాష్ట్రాలు మరుసటి వేసవిలో అదే కార్డులో వేస్తాయి. అప్లికేషన్ కొట్టేస్తే కారణం రాసిన నోటీసు వస్తుంది. అది చదివి, గడి తప్పు పెట్టి ఉంటే సరిచేసి మళ్లీ పెట్టండి. వాళ్లదే తప్పనిపిస్తే అప్పీలు చేసే హక్కు మీకుంది, ఎలా చేయాలో ఆ నోటీసులోనే ఉంటుంది.