సవరణ: అమెరికన్ బోర్డు మీద స్క్రీన్‌టోన్ లెక్క

సూపర్‌హీరో పేజీకి మాంగా (జపాన్ కామిక్స్) నీడలు కావాలంటే 11×17 అంగుళాల అమెరికన్ బోర్డు (కామిక్ పేజీ గీసే దళసరి కాగితం) మీదా 60 లైన్ల స్క్రీన్‌టోనే (చుక్కలతో నీడ చూపే అంటించే షీట్, అంగుళానికి 60 చుక్కల వరుసలు) అంటించమని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, అచ్చులో పేజీ కుదింపు లెక్కలోకి తీసుకోలేదు. పేజీ తగ్గితే చుక్కలు దగ్గరవుతాయి, అంగుళానికి లైన్లు పెరుగుతాయి. మాంగా కాగితాల కొలతలు, ప్రింటర్ల సూచనలు చూస్తే సంగతి ఇది: జపాన్ బీ4 కాగితం పత్రిక సైజుకు దాదాపు 82 శాతానికి తగ్గుతుంది, 60 లైన్లు 73 అవుతాయి. అమెరికన్ బోర్డు సుమారు 66 శాతానికి దిగుతుంది, అవే లైన్లు 91 అవుతాయి. అప్పుడు ముదురు టోన్‌లో చుక్కలు అతుక్కుపోయి హీరో కేప్ (వీపు మీది వస్త్రం) మడతలన్నీ మరకలా అచ్చవుతాయి. 50 లైన్లు వాడండి. బాగా ముదురు చోట్ల టోన్ మానేసి బ్రష్‌తో నిండు నలుపే నింపండి, అమెరికన్ ఇంకింగ్ (పెన్సిల్ బొమ్మ మీద సిరా పని) బలం అదే. కంప్యూటర్‌లో అయితే పేజీని అచ్చు సైజుకు తెచ్చాకే టోన్ వేయాలి. ముందే వేసి తగ్గిస్తే మోయిరే (చుక్కల వరుసలు చెదిరి కనిపించే అక్కర్లేని నమూనా) గళ్లు పడతాయి.