వీల్ ఛైర్ మీద కెమెరా, బ్యారేజీ మీద డ్రోన్

మా బెజవాడలో ఎవరు షార్ట్ ఫిల్మ్ తీసినా మొదటి షాట్ ఏంటో చూడకుండానే చెప్పెయ్యొచ్చు, ప్రకాశం బ్యారేజీ మీద డ్రోన్. పొద్దున్నే ఆరింటికి, నీళ్ల మీద కాస్త మంచు, వెనక వయొలిన్. బాగుంటుంది, నేను కాదనట్లేదు. కానీ డ్రోన్ దిగాక హీరో ఇంట్లోకి వెళ్తాడు చూడండి, అక్కడ దొరికిపోతారు. తెల్ల గోడ, ట్యూబ్‌లైటు, గోడకి ఆనుకుని డైలాగ్ చెప్పే మనిషి, అచ్చం ఆధార్ కార్డు ఫోటోనే. అడిగితే బడ్జెట్ లేదండీ అంటారు.

ఈ మాట వినీ వినీ విసుగొచ్చి హాలీవుడ్ డైరెక్టర్ రాబర్ట్ రోడ్రిగెజ్ మొదటి సినిమా ఎల్ మరియాచీ మళ్లీ పెట్టుకున్నా, ఈసారి కథ వదిలేసి కెమెరా ఒక్కటే చూద్దామని. 1992లో వచ్చింది, ఖర్చు 7,000 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో రెండు లక్షల లోపే, అందులో కొంత డబ్బు ఆయన మందుల కంపెనీ ప్రయోగాలకి ఒళ్లు అప్పగించి సంపాదించింది. మెక్సికోలో అకూన్యా అనే చిన్న ఊళ్లో తీశాడు. డైరెక్టర్, కెమెరామేన్, ఎడిటర్ అన్నీ ఆయనే. (తర్వాత కొలంబియా అనే హాలీవుడ్ కంపెనీ వాళ్లు సౌండ్‌కీ, థియేటర్ ప్రింట్లకీ దానికి ఎన్నో రెట్లు పెట్టారు, ఆ సంగతి మనవాళ్లు ఎవరూ చెప్పరు.)

కెమెరాని పట్టాల మీద నడిపే ట్రాలీ లేదు కాబట్టి హాస్పిటల్ వీల్ ఛైర్‌లో తనే కూర్చుని చేత్తో కెమెరా పట్టుకున్నాడు, వెనక ఎవరో తోశారు, ఇది అందరికీ తెలిసిన కథే. నాకు నచ్చింది వేరే. ఆయన 16 ఎంఎం కెమెరా, అంటే సన్న ఫిల్మ్ రీలు మీద తీసేది, బాగా చప్పుడు చేసేది, దాంతో ముందు బొమ్మ తీసేసి, ఆ తర్వాత అక్కడే అదే డైలాగ్ మళ్లీ చెప్పించి క్యాసెట్ రికార్డర్‌లో పట్టేవాడు. ఎడిటింగ్‌లో పెదాలు ఎక్కడ కలవకపోతే అక్కడ టక్కున కట్ చేసి ఎదుటి మనిషి మీదకో, పక్కనున్న కుక్క మీదకో వెళ్లిపోయేవాడు. ఆ స్పీడ్ చూసి అబ్బా ఏం స్టైల్ అని మనం చప్పట్లు కొట్టాం, అక్కడ ఆయన సర్దుకుంటున్నది లిప్ సింక్!

ఇంకోటి, ఫిల్మ్ రేటు. 16 ఎంఎంలో 100 అడుగుల రోల్ మూడు నిమిషాలు కూడా రాదు, పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఆ ఫిల్మ్‌కీ ల్యాబ్‌కీ పోయింది, అందుకే చాలావరకు ఒక్కటే టేక్, ఈ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో బటన్ నొక్కకముందే తెలిసుండాలి. తెలిసినవాళ్ల దగ్గర ఏమున్నాయో ముందే లెక్కేసుకుని, ఓ బస్సు, ఓ కుక్క, ఓ జైలు, వాటి చుట్టూ కథ అల్లుకున్నాడు. రోడ్డు మీద తాబేలు కనపడితే దాన్నీ వదల్లేదు. మన వన్‌టౌన్ సందులు, కాళేశ్వరరావు మార్కెట్లో మూటల మధ్య పడే వెలుతురు, గుంటూరు మిర్చి యార్డు, ఇవి ఎవడికైనా అద్దెకి దొరికే సెట్లా చెప్పండి? మనవాళ్లకి మాత్రం ముందు గింబల్, అదే కెమెరా వణక్కుండా పట్టుకునే స్టాండు, కావాలి.

మా పిన్నిగారబ్బాయి ఎనిమిది నిమిషాల సినిమాకి మూడు గంటల ఫుటేజ్ తెచ్చాడు. మెమరీ కార్డులో చోటుంది కదా, ఆపడం దేనికి? అంతా కూర్చుని చూశా, పాపం వాడు టీలు అందిస్తూనే ఉన్నాడు. బాగున్నది ఒకే ఒక్క షాట్. గుంటూర్లో వాళ్ల నాయనమ్మ ఇల్లు, మధ్యాహ్నం, కరెంట్ పోయింది, ఆవిడ వీధి గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఒక చెంప మీద వీధి వెలుగు, రెండో వైపు చీకటి, చేట నిండా ఎరుపు, వెనక వంటగదిలో స్టీలు గిన్నె అంచు ఒక్కటే మెరుస్తోంది. ఆవిడ తుమ్మేదాకా నలభై సెకన్లు కెమెరా కదల్లేదు.

ఫైనల్ కట్‌లో చూస్తే అది లేదు. ఏమైందిరా అంటే, "అది షూటింగ్ లైట్లు రాకముందు టెస్ట్ కోసం తీసింది అన్నయ్యా, తీసేశా" అన్నాడు.