చింతకొమ్మపై దండయాత్ర

అనంతపురం జిల్లాలో చెట్లు తక్కువని బాధపడేవాళ్లందరికీ హ్యామ్ రేడియో లైసెన్సు, అంటే సరదాకు సొంత రేడియోలో ఊరూరి వాళ్లతో మాట్లాడుకునే అనుమతి, ఇప్పించాలి. లైసెన్సు చేతికొచ్చిన మర్నాటి నుంచి మనిషికి చెట్లు తప్ప ఇంకేమీ కనపడవు. వేప కనిపిస్తే ఎత్తెంత, చింత కనిపిస్తే కొమ్మ ఎటు వాలింది, ఇదే ధ్యాస. రేడియోకు ఏరియల్ వైరు ఎత్తున కట్టాలి, దాన్ని లాగడానికి ముందు కొమ్మ మీదుగా దారం వేయాలి మరి. 1989లో గిన్నిస్‌కెక్కిన మన తిమ్మమ్మ మర్రిమాను కూడా వీళ్ల లెక్కలో దండగమారిది. ఐదెకరాల దాకా పరచుకుంది గానీ పైకి పెరగాలన్న జ్ఞానం లేదు.

లైసెన్సు పరీక్షలో ఓమ్ సూత్రం అడుగుతారు, నిబంధనలు అడుగుతారు. పది మీటర్ల కొమ్మ మీదుగా దారం వేయడమెట్లా అని ఒక్క మార్కుకైనా అడగరు. ఆ లోటు పూడ్చడానికే మిద్దెల మీద ఆయుధ కర్మాగారాలు వెలిశాయి.

వాటిలో అగ్రతాంబూలం గాలి ఫిరంగిది. లావు పీవీసీ గొట్టంలో పంపుతో గాలి నింపి, చీనీ తోటలో డ్రిప్పుకు వాడే, కరెంటుతో తెరుచుకునే సోలనాయిడ్ వాల్వు తెరిస్తే, సన్న గొట్టంలోని గుండు దారంతో సహా లేస్తుంది. గొట్టం మీద 6 కేజీల ఒత్తిడికి ఆగుతుందని ముద్ర ఉందిగా, భయమెందుకు అంటారు. ఆ ముద్ర 27 డిగ్రీల దగ్గర నీళ్లకు వేసింది. మే నెల మిద్దె మీద పీవీసీకి ఆ బలం ఉండదు. పైగా నీళ్ల గొట్టం పగిలితే నీళ్లు కారతాయి, అంతే. బిగబట్టిన గాలి అట్లా కాదు, స్ప్రింగులా విదిలించి గొట్టాన్ని కత్తుల్లాంటి పెంకులు చేస్తుంది. ఇక సినిమాలవాళ్లు సీమకు తెచ్చిపెట్టిన పేరొకటుంది. భుజాన గొట్టం పెట్టుకుని ఆకాశానికి గురిచూస్తూ "రేడియో కోసం సార్" అంటే స్టేషన్లో ఎంతసేపటికి నమ్ముతారో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

రెండో దళం ఉండేలుది. ఇది కాస్త బుద్ధిమంతుల దళం. 30, 40 గ్రాముల సీసం గుండు, గాలానికి కట్టే టంగూసు ఉంటే చాలు. చిక్కంతా టంగూసు చుట్టలోనే ఉంది. చుట్ట గిరగిర తిరిగి దారం వదలాలనుకుంటే గుండు సగం దూరంలోనే వెనక్కి గుంజుకుని కాళ్ల దగ్గర పడుతుంది. ఖాళీ నీళ్ల సీసాకు చుట్టి, సీసా మూతి చెట్టు వైపు పెడితే దారం మూతి మీదుగా దానంతటదే జారిపోతుంది. నేల మీద పరిచి వదలడం ఇంకో పద్ధతి. అది పల్లేరుకాయలూ కంపముళ్లూ లేని ఊళ్ల కోసం కనిపెట్టారు.

గుండు మరీ తేలికైతే చింత బెరడు గరుకుకు దారం ఆగిపోయి, గుండు కొమ్మల్లోనే వేలాడుతుంది. అప్పుడు వీరులు చేసేది ఒకటే, బలంగా గుంజడం. టంగూసు రబ్బరులా సాగుతుంది. గుండు ఊడిందా, నేరుగా గుంజినవాడి మూతికే వస్తుంది. దారాన్ని కర్రకు చుట్టి, పక్కకు జరిగి, మొహం తిప్పుకుని లాగాలి. తెగితే తెగనీ, గుండు ఖరీదు పన్ను ఖరీదు కన్నా తక్కువే. వేటు తప్పు కొమ్మ మీద పడితే, గుండును కిందికి దించి విప్పాకే దారం వెనక్కి లాగాలి. విప్పకపోతే అది కొమ్మకు నాలుగు చుట్లు చుట్టుకుని చెట్టు సొత్తవుతుంది.

దారం పడగానే తాడు కట్టి లాగేస్తారు కొందరు. టంగూసుకు మేస్త్రీ నైలాన్ దారం, దానికి 4 మిల్లీమీటర్ల తాడు, ఈ వరసే సరి. ప్రతి ముడి మీదా టేపు సన్నగా చుట్టకపోతే ముడి బెరడులో ఇరుక్కుంటుంది. వైరు తెగినా ఎగిరినా కరెంటు తీగను తాకే వీలున్న చెట్టు జోలికి మాత్రం పోకూడదు. ఇందులో వ్యంగ్యమేమీ లేదు.

ఇంత యుద్ధం చేసి పైకెక్కించేది ఎంత? 7.1 మెగాహెర్ట్జ్ డైపోల్, అంటే నడుమ విడగొట్టిన రెండు చేతుల ఏరియల్‌కు 143ను 7.1తో భాగిస్తే 20 మీటర్ల వైరు, అటు పది, ఇటు పది. నడుము ఒక చెట్టుకు వేలాడదీసి రెండు చివర్లూ కిందికి వాల్చి కడితే ఒక్క చెట్టుతో పని తీరిపోతుంది. పది మీటర్ల ఎత్తు నుంచి తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి ఆకాశం పైపొరల నుంచి తిరిగొస్తుంది కాబట్టి పగటిపూట బెంగళూరు, హైదరాబాదు హాయిగా పలుకుతాయి. సముద్రాలు దాటాలంటే తరంగం పొడవులో సగం ఎత్తు, అంటే 20 మీటర్లు కావాలి. మన వీధి వేపకు అంత ఎత్తు అరుదు. అయినా ఫిరంగి మాత్రం 40 మీటర్లకు కొట్టేది కావాలి. దేశరక్షణ విషయంలో పిసినారితనం పనికిరాదు కదా.

ఇక ఆషాఢం గాలికి చెట్టూగినప్పుడు బిర్రుగా కట్టిన వైరు తెగుతుంది. తాడు చివర గిలక మీదుగా రెండు కేజీల ఇసుక సీసా వేలాడదీస్తే అదే ఎక్కుతూ దిగుతూ సర్దుకుంటుంది. దీన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు, ఇందులో పేలేదేమీ లేదు మరి.

ఆఖరికి దళమంతా పంపుతో, వాల్వుతో, హెల్మెట్లతో చెట్టు కింద మోహరించిన వేళ, ఆ ఏడు చింతకాయల పాట పాడుకున్న పెద్దాయన వచ్చి నిలబడతాడు. ఒకసారి ఫిరంగిని చూస్తాడు, ఒకసారి కొమ్మను చూస్తాడు.

"ఆ కొమ్మకు దారం ఏసేకి ఇంత తతంగమా సామీ? రెండు బొంగులు జతకడితే దోటి అందుతాది గదా!"